నైజీరియాలో కుర్చీ గొడవలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆఫ్రికా రాజకీయాల మీద ఎప్పుడు మాట వచ్చినా నన్ను అడిగే ప్రశ్నలు దాదాపు ఇవే. ప్రతిసారీ మొదట్నుంచీ చెప్పే ఓపిక లేక ఒకచోట రాసి పెడుతున్నాను. ఆఫ్రికా అంతా ఒకటే దేశం అన్నట్టు రాయడం నాకిష్టం లేదు, అందుకే నైజీరియా ఒక్కదాన్నే తీసుకున్నా.

ఇవన్నీ తెగల గొడవలే కదా?

ముందు ఆ 'తెగ' అన్న మాట దగ్గరే ఆగుదాం. నైజీరియాలో పెద్ద సమూహాలు మూడు: ఉత్తరాన హౌసాలు, పశ్చిమాన యోరుబాలు, తూర్పున ఇగ్బోలు. మన పేపర్లు హౌసా తెగ, ఇగ్బో తెగ అని రాసేస్తుంటాయి. యోరుబా మాట్లాడేవాళ్ళు నాలుగు కోట్లకు పైనే ఉంటారు, వాళ్ళకి పాత రాజ్యాలున్నాయి, నగరాలున్నాయి, పత్రికలున్నాయి. తెలుగువాళ్ళని ఎవరైనా 'తెలుగు తెగ' అంటే మనకెలా ఉంటుంది? అలాగే వాళ్ళకీనూ. జాతి అనండి, భాషా సమూహం అనండి, ఏదైనా పర్లేదు.

ఇక అసలు ప్రశ్న. సమూహాల మధ్య అనుమానాలు ఉన్నమాట నిజమే, కాదనను. కానీ పుట్టుకతో వచ్చిన పగల వల్ల దేశం కూలిందంటే నేను ఒప్పుకోను. మొదటి రిపబ్లిక్‌ని, అంటే స్వాతంత్ర్యం తర్వాత 1966 దాకా నడిచిన పౌర పాలనని, కూల్చిన పెద్ద గొడవ యోరుబా నాయకుడికీ ఇంకో యోరుబా నాయకుడికీ మధ్య మొదలైంది. 1993లో యోరుబా అభ్యర్థి ఒకాయన ఉత్తరాన కానోలో, అదీ ప్రత్యర్థి సొంత రాష్ట్రంలో గెలిచాడు. వీటిని పుట్టుపగతో ఎలా వివరిస్తాం? నాకర్థమైంది ఇదీ: అక్కడ ఖజానా మొత్తం ఒకే గదిలో ఉంటుంది, గది తాళంచెవి ఒకళ్ళ చేతికే వస్తుంది, రానివాడికి మళ్ళీ ఎప్పుడొస్తుందో నమ్మకం ఉండదు. అలాంటప్పుడు మనుషుల్ని త్వరగా పోగేయడానికి భాష, మతం, ప్రాంతం చేతికందిన నిచ్చెనలు. కింద చెప్పేవన్నీ ఒకరకంగా ఆ తాళంచెవి కథలే.

ఇన్ని రకాల వాళ్ళని ఒకే దేశంలో పెట్టింది ఎవరు?

బ్రిటిష్ వాళ్ళు, ఇంకెవరు. 1914లో లుగార్డ్ అనే గవర్నరు ఉత్తర, దక్షిణ రక్షిత ప్రాంతాల్ని కలిపి ఒక్కటి చేశాడు. దానికి పెద్ద కారణం డబ్బే. ఉత్తరం లోటు బడ్జెట్లో ఉండేది, దక్షిణాన ఓడరేవుల సుంకాలతో మిగులుండేది. నైజీరియా అన్న పేరు కూడా అక్కడివాళ్ళు పెట్టుకున్నది కాదు. 1897లో ఫ్లోరా షా అనే పత్రికా రచయిత్రి లండన్ టైమ్స్‌లో సూచించిన పేరు అది, తర్వాత ఆవిడ లుగార్డ్‌నే పెళ్ళి చేసుకుంది.

కలిపారు సరే, పాలించింది మాత్రం వేరువేరుగా. ఉత్తరాన అమీర్ల, అంటే ముస్లిం రాజుల చేతుల్లోనే పాలన వదిలేసి, వాళ్ళ మీద బ్రిటిష్ అధికారిని కూర్చోబెట్టారు. మన సంస్థానాల్లో రెసిడెంటు ఉన్నట్టు అనుకోండి. అమీర్లకి కోపం వస్తుందని మిషనరీ బడుల్ని కూడా అక్కడికి పెద్దగా రానివ్వలేదు. దక్షిణాన ఊరూరా బడులు వచ్చాయి, ఇంగ్లీషు చదివిన గుమాస్తాలు, ప్లీడర్లు, టీచర్లు తయారయ్యారు. వాళ్ళే రైల్వేల్లో, పోస్టాఫీసుల్లో ఉద్యోగాలకి ఉత్తరాది నగరాలకి వెళ్ళారు. వెళ్ళినవాళ్ళని ఊరి గోడల లోపల ఉండనివ్వకుండా బయట వేరే పేటల్లో పెట్టారు. ఆ పేటల్ని హౌసాలో 'సబోన్ గారీ' అంటారు, అంటే అచ్చంగా మన కొత్తపేటే. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, 1966 దగ్గర మళ్ళీ వస్తుంది.

స్వాతంత్ర్యం వచ్చిన ఆరేళ్ళలోపే ఎలా కూలింది?

1960 అక్టోబర్ 1న స్వాతంత్ర్యం. అప్పటికి మూడు ప్రాంతాలు, మూడు పార్టీలు, ముగ్గురు పెద్దమనుషులు. ఉత్తరాన అహ్మదు బెల్లో, పశ్చిమాన అవోలోవో, తూర్పున అజికివే. ఎవరి ప్రాంతంలో వాళ్ళే రాజులు, ఎవరి ప్రాంతంలో వాళ్ళ పంటల మార్కెటింగ్ బోర్డు వాళ్ళ పార్టీకి ఏటీఎం. ఉత్తరాన వేరుశనగ, పశ్చిమాన కోకో, తూర్పున పామాయిల్.

చిక్కు ఏమిటంటే, కేంద్ర సభలో ఉన్న 312 స్థానాల్లో 174 ఉత్తరానికే ఇచ్చారు. మూడింట్లో ఒక్క ప్రాంతానికే సగం కంటే ఎక్కువ! ఉత్తరాన గట్టిగా నిలబడిన పార్టీ మిగతా చోట్ల ఒక్క ఓటు అడక్కుండానే ఢిల్లీ ఎక్కేయొచ్చు, అక్కడి లెక్కలో లాగోస్ ఎక్కేయొచ్చు. బెల్లోకి లాగోస్ మీద మనసే లేదు, ఉత్తరాన ప్రీమియర్‌గా తనే ఉండిపోయి తన కింది నాయకుడైన తఫావా బలేవాని దేశ ప్రధానిగా పంపించాడు. ఒక ప్రాంతపు ముఖ్యమంత్రి కింద దేశ ప్రధాని అన్నమాట.

1962లో పశ్చిమాన అవోలోవోకీ, ఆయన స్థానంలో ప్రీమియర్ అయిన అకింతోలాకీ చెడింది. మే 25న ఇబాదన్ శాసనసభలో కుర్చీలు లేచాయి, బల్లలెక్కారు, పోలీసులు సభలోపలే బాష్పవాయువు వదిలారు. ఇదే సందని కేంద్రం ఎమర్జెన్సీ పెట్టేసి, తన ఆరోగ్య మంత్రినే అక్కడ పాలకుడిగా కూర్చోబెట్టింది. ఆరు నెలలు తిరక్కుండానే ప్రతిపక్ష నాయకుడు అవోలోవో మీద కుట్ర కేసు, మరుసటేడు పదేళ్ళ జైలు. అసలు కుట్ర ఉందా లేదా అని ఇప్పటికీ వాదించుకుంటారు, ఆ గొడవ పక్కన పెట్టండి. ఓడినవాడికి ప్రతిపక్షంలో కూర్చునే చోటు కూడా మిగలదు, జైలే గతి అని దేశమంతటికీ ఆ రోజే తెలిసిపోయింది. నా లెక్కలో రిపబ్లిక్ చచ్చిపోయింది 1966లో కాదు, అప్పుడే.

1964 డిసెంబర్ ఎన్నికల్లో తూర్పు ప్రాంతం మొత్తం బహిష్కరించింది. రాష్ట్రపతి అజికివే నాలుగైదు రోజులపాటు బలేవాని ప్రభుత్వం ఏర్పాటు చేయమని పిలవనేలేదు, సైన్యం ఎవరి మాట వినాలో తెలియని పరిస్థితి. చివరికి రాజీ పడ్డారు. 1965 అక్టోబర్‌లో పశ్చిమాన జరిగిన ఎన్నికల్లో రిగ్గింగు ఎంత పచ్చిగా జరిగిందంటే జనం వీధుల్లోకొచ్చి ప్రత్యర్థుల ఇళ్ళ మీద, మనుషుల మీద పెట్రోలు పోసి నిప్పంటించారు. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు 'ఆపరేషన్ వెటీ', అంటే తడిపెయ్యి అని. పశ్చిమం అలా తగలబడుతుంటే బలేవా 1966 జనవరి రెండోవారంలో లాగోస్‌లో కామన్వెల్త్ ప్రధానుల సమావేశం పెట్టాడు, దేనికయ్యా అంటే రొడీషియా (ఇప్పటి జింబాబ్వే) సమస్య మీద. మనం తాష్కెంట్‌లో శాస్త్రిగారు పోయిన వార్త విన్న వారమే అది. సమావేశం ముగిసిన మూడు రోజులకి, జనవరి 15 తెల్లవారుజామున, ఆయన్నే చంపేశారు.

ఆ 1966 జనవరి కుట్ర ఇగ్బోల కుట్రా?

ఈ ప్రశ్న నైజీరియన్ల మధ్య అడిగితే రాత్రి తెల్లారిపోతుంది. చేసిన మేజర్లలో ఎక్కువమంది ఇగ్బోలు. చనిపోయినవాళ్ళు బలేవా, బెల్లో, అకింతోలా, ఆర్థికమంత్రి ఒకోటి-ఎబో, ఉత్తరాది, పశ్చిమాది పెద్ద సైనికాధికారులు. తూర్పు ప్రీమియర్‌ని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు, అజికివే దేశంలోనే లేడు. చూసేవాళ్ళకి లెక్క తేలిపోయినట్టే కనపడుతుంది.

కానీ ఇంకో వైపు కూడా ఉంది. ఆ కుట్రదారుల్లో యోరుబాలూ ఉన్నారు, ఇగ్బో అధికారి ఒకాయన కూడా ఆ రాత్రి ప్రాణం పోగొట్టుకున్నాడు, కుట్రని లాగోస్‌లో అణచిన సైన్యాధిపతి ఇరోన్సి కూడా ఇగ్బోనే. జైల్లో ఉన్న అవోలోవోని తెచ్చి గద్దె మీద కూర్చోబెట్టాలనుకున్నామని వాళ్ళల్లో కొందరు తర్వాత చెప్పారు. నాకైతే చేసినవాళ్ళ మనసులో ఏముందన్నది కాక, తర్వాత ఏం జరిగిందన్నదే ముఖ్యం. అధికారం ఇరోన్సి చేతికొచ్చింది. హంతకుల్ని విచారణకి పెట్టలేదు. పైగా మే 24న 34వ నంబరు డిక్రీతో ప్రాంతాల్ని రద్దు చేసి, ఉద్యోగాలన్నీ ఒకే సర్వీసులో కలిపేశాడు. చదువులో వెనకబడిన ఉత్తరానికి అది 'మీ ఉద్యోగాలు కూడా ఇక దక్షిణాది వాళ్ళవే' అన్నట్టు వినిపించింది.

కొద్దిరోజులకే ఉత్తరాది వీధుల్లో 'అరబా' అన్న కేక మొదలైంది. విడిపోదాం అని దానర్థం. జులై 29న ఉత్తరాది సైనికులు తిరగబడి ఇరోన్సిని చంపారు, ఉత్తరాది సైనికాధికారి గోవోన్ గద్దెనెక్కాడు. ఆ ఏడాది మేలోనూ, సెప్టెంబర్ అక్టోబర్లలోనూ ఉత్తరాన వేలాదిమంది తూర్పువాళ్ళని, ముఖ్యంగా ఇగ్బోల్ని నరికి చంపారు. వెతుక్కోవాల్సిన పని కూడా లేకపోయింది, వాళ్ళంతా ఉండేది ఆ కొత్తపేటల్లోనే కదా. పది లక్షలకు పైగా జనం రైళ్ళల్లో, లారీల్లో తూర్పుకి పారిపోయారు.

బయాఫ్రా యుద్ధం గురించి క్లుప్తంగా చెప్పండి.

1967 జనవరిలో ఘనాలోని అబురిలో గోవోన్, తూర్పు గవర్నర్ ఒజుక్వు కూర్చుని ఒక ఒప్పందానికొచ్చారు, ఇంటికెళ్ళాక ఎవరి అర్థం వాళ్ళు చెప్పుకున్నారు. మే 27న గోవోన్ దేశాన్ని 12 రాష్ట్రాలుగా కోసేశాడు, దాంతో తూర్పులోని చమురు భూమి చాలావరకు ఇగ్బోల చేతి నుంచి జారి చిన్న సమూహాల రాష్ట్రాల్లోకి పోయింది. మే 30న ఒజుక్వు తూర్పు ప్రాంతాన్ని బయాఫ్రా అనే వేరే దేశంగా ప్రకటించాడు. జులై 6న కేంద్రం దండెత్తింది, దానికి మొదట వాళ్ళు పెట్టిన పేరు 'పోలీస్ యాక్షన్'. ఈ మాట వినగానే హైదరాబాద్ వాళ్ళకి 1948 గుర్తొస్తుంది. మనది ఐదు రోజుల్లో అయిపోయింది, వాళ్ళది రెండున్నరేళ్ళు పట్టింది. 1970 జనవరి 15 నాటికి పది లక్షల నుంచి ముప్ఫై లక్షల మంది దాకా పోయారని అంచనాలు, ఎక్కువమంది తుపాకీతో కాదు, దిగ్బంధంలో ఆకలితో, అందులోనూ పిల్లలు.

'గెలిచినవాడు లేడు, ఓడినవాడు లేడు' అన్నాడు గోవోన్. సామూహిక ఉరితీతలు జరగని మాట నిజం, అది చిన్న విషయం కాదు. కానీ బ్యాంకులో ఎంత దాచుకున్నా ఇగ్బోల చేతిలో 20 పౌన్లు పెట్టి పొమ్మన్నారు. రెండేళ్ళకి విదేశీ కంపెనీల వాటాలు నైజీరియన్లకి అమ్మేటప్పుడు కొనడానికి వాళ్ళ దగ్గర డబ్బెక్కడిది? ఆ 20 పౌన్ల మాట ఇప్పటికీ ఇళ్ళల్లో నడుస్తూనే ఉంటుంది.

ఇంకో సంగతి. 1953లో స్వాతంత్ర్యం తొందరపెడితే విడిపోతామని బెదిరించింది ఉత్తరం. 1966లో అరబా అన్నదీ ఉత్తరమే. ఏడాది తిరిగేసరికి అదే ఉత్తరం సమైక్యత కోసం యుద్ధం చేసింది. మధ్యలో మారిందల్లా తాళంచెవి ఎవరి చేతిలో ఉందన్నదే.

జనాభా లెక్కలకి కూడా కొట్టుకుంటారట, నిజమా?

నిజమే. తలలు ఎక్కువుంటే సీట్లెక్కువ, నిధులెక్కువ. 1962లో లెక్కపెడితే దక్షిణం సంఖ్యలు బాగా పెరిగి వచ్చాయి, ఉత్తరం ఒప్పుకోలేదు, రద్దు చేశారు. 1963లో మళ్ళీ లెక్కపెడితే దేశ జనాభా 5 కోట్ల 56 లక్షలు, అందులో సగానికి పైగా ఉత్తరమే. ఈసారి దక్షిణం గొల్లుమంది. 1973 లెక్కలూ రద్దే. చివరిసారి లెక్కపెట్టింది 2006లో. ఇరవై కోట్లు దాటిన దేశం కచ్చితంగా ఎంతమంది ఉన్నారో తెలియకుండానే నడుస్తోంది. నియోజకవర్గాల పునర్విభజన అనగానే ఆంధ్రా, తెలంగాణల్లో ఎందుకంత టెన్షన్ పడతారో తెలిసినవాళ్ళకి ఇది వింతగా అనిపించదు.

మూడు ప్రాంతాలు 36 రాష్ట్రాలు ఎందుకయ్యాయి?

3, 1963లో 4, 1967లో 12, 1976లో 19, 1987లో 21, 1991లో 30, 1996లో 36. ఒక్క 1963లో మాత్రమే జనాన్ని ఓటడిగి చేశారు, మిగతావన్నీ సైనిక పాలకులు రేడియోలో ప్రకటించినవే. మొదట్లో ఉద్దేశం మంచిదే, పెద్ద సమూహాల గుత్తాధిపత్యం విరగ్గొట్టడం. తర్వాత్తర్వాత రాష్ట్రమంటే ఇప్పటి రాజధాని అబుజా నుంచి నెలనెలా వచ్చే వాటా అయిపోయింది. ఇప్పటికీ ప్రతినెలా రాష్ట్రాల ఆర్థిక అధికారులు అబుజాలో కూర్చుని డబ్బు పంచుకుంటారు, అక్కడివాళ్ళు దాన్ని 'నేషనల్ కేక్' అంటారు. ఎవరూ కేకు తయారుచేయడం గురించి మాట్లాడరు, ముక్కల గురించే మాట్లాడతారు అని వాళ్ళే జోకులేసుకుంటారు. రాష్ట్రం వస్తే ఒక గవర్నరు, ఒక అసెంబ్లీ, ఒక మంత్రి. అవును, ప్రతి రాష్ట్రం నుంచి కనీసం ఒక్కరు కేంద్ర మంత్రివర్గంలో ఉండాలని రాజ్యాంగంలోనే రాసుకున్నారు.

'ఇండిజీన్' అన్న మాట పదేపదే వినిపిస్తుంది, ఏంటది?

మన ముల్కీ లాంటిది, కానీ ఇంకా బిగువు. ముల్కీ నిబంధనల్లో 15 ఏళ్ళు ఉంటే స్థానికుడివి అయ్యేవాడివి. అక్కడ మీ తాత ఆ ఊళ్ళో పుట్టినా, మీ మూలాలు ఆ నేలవి కావంటే మీరు వలసవచ్చినవాళ్ళే. స్థానిక ప్రభుత్వ ఆఫీసు ఇచ్చే ఇండిజీన్ సర్టిఫికెట్ లేకపోతే రాష్ట్ర ఉద్యోగం, కాలేజీ సీటు, స్కాలర్‌షిప్పు కష్టం. దీని పాతరూపం అరవైల్లోనే ఉంది: ఉత్తరాది ప్రభుత్వం ఉద్యోగాల్లో ముందు ఉత్తరాదివాళ్ళు, దొరక్కపోతే విదేశీయులు, ఆఖరికి దక్షిణాదివాళ్ళు అన్న వరస పెట్టుకుంది. సొంత దేశస్థుడికంటే ఇంగ్లీషువాడు నయమన్నమాట, ఇంగ్లీషువాడు కాంట్రాక్టు అయిపోగానే పోతాడు కదా.

జోస్ నగరంలో 2001లో, 2008లో, 2010లో వందలమంది చావడానికి ఒక మూలం ఈ కాగితమే. బయటికి అవి ముస్లిం-క్రైస్తవ అల్లర్లుగా కనిపించాయి. లోపల స్థానిక కౌన్సిలు ఎవరిది, ఇండిజీన్ ఎవరు అన్న తగువు.

మూడు పెద్ద సమూహాలు కాకుండా మిగతావాళ్ళ సంగతి?

లాగోస్‌లో 'వజోబియా' అన్న సరదా మాట ఉంది. యోరుబాలో 'వా', హౌసాలో 'జో', ఇగ్బోలో 'బియా', మూడింటికీ అర్థం 'రా' అనే. దేశమంతా కలిసి ఉండాలన్నదానికి గుర్తుగా వాడతారు. మిగతా 250 సమూహాలవాళ్ళని అడిగితే, మమ్మల్ని రమ్మని ఎవరూ పిలవలేదేంటి అంటారు.

చమురు వీళ్ళ కిందే ఉంది. 1956లో మొదట దొరికింది నైజర్ నది డెల్టాలో, ఇజోలు అనే సమూహం ఉండే ఒలోయిబిరిలో. అరవైల్లో వనరు ఎక్కడిదో ఆ ప్రాంతానికి రాయల్టీలో సగం దక్కేది, అది వేరుశనగా కోకో కాలం, పెద్ద సమూహాలకి ఆ లెక్క బాగానే ఉండేది. చమురు పెద్దదయ్యాక, అది చిన్న సమూహాల నేలలో ఉందని తేలాక, ఆ వాటా తగ్గి తగ్గి ఎనభైల్లో ఒకటిన్నర శాతానికి వచ్చింది. ఇప్పుడు కనీసం 13 శాతం. పాడైన చేపల చెరువులు, నల్లబడిన వాగుల గురించి అడిగిన, అక్కడి ఓగోని అనే చిన్న సమూహపు రచయిత కెన్ సారో-వివాని, మరో ఎనిమిదిమందితో కలిపి 1995 నవంబర్ 10న సైనిక పాలకుడు అబాచా ప్రభుత్వం ఉరితీసింది. తర్వాతి తరం అర్జీలు మానేసి తుపాకులు పట్టుకుంది, 2009లో క్షమాభిక్ష ఇచ్చి నెలసరి భత్యాలిచ్చేదాకా పైపులైన్లు పేలుతూనే ఉన్నాయి. అర్జీలకి దొరకనిది పేలుళ్ళకి దొరికిందని అక్కడి కుర్రాళ్ళు అనుకుంటే తప్పెవరిది?

12⅔ రాష్ట్రాల కథ ఏంటి?

నాకు భలే ఇష్టమైన కథ ఇది. 1979 రాజ్యాంగం ప్రకారం అధ్యక్షుడికి అందరికంటే ఎక్కువ ఓట్లే కాదు, మూడింట రెండొంతుల రాష్ట్రాల్లో కనీసం 25 శాతం కూడా రావాలి. ఒక్క ప్రాంతం ఓట్లతో నెగ్గేయకుండా పెట్టిన మంచి నియమం. అయితే రాష్ట్రాలు 19. అందులో మూడింట రెండొంతులంటే 12⅔. ఉత్తరాది అభ్యర్థి షగారికి 12 రాష్ట్రాల్లో 25 శాతం వచ్చింది, పదమూడోదైన కానోలో 20 దగ్గర ఆగింది. రాష్ట్రంలో మూడింట రెండొంతులేంటి, 13 కావాలి అని ప్రత్యర్థి అవోలోవో సుప్రీంకోర్టుకెళ్ళాడు. కోర్టు షగారి వైపే చెప్పింది.

మా చిన్నప్పుడు మా వీధిలో ఉన్న లెక్కల మాస్టారు ఎనభైల్లో నైజీరియాలో పాఠాలు చెప్పొచ్చారు, అప్పట్లో ఇక్కణ్ణుంచి చాలామంది టీచర్లు వెళ్ళేవాళ్ళు. భిన్నాలు చెప్పేటప్పుడు ఈ కథ చెప్పి నవ్వేవారు. 1983 డిసెంబర్ 31న రేడియోలో మిలిటరీ బాజాలు మోగితే సబ్బులూ బియ్యం కొనుక్కోవడానికి ఎలా పరిగెత్తారో కూడా చెప్పేవారు. ఆరోజు సైన్యం షగారిని దించేసిందని రేడియోలో ప్రకటన చదివిన బ్రిగేడియర్ పేరు సాని అబాచా, పదేళ్ళకి దేశాన్నే ఏలాడు.

జూన్ 12 అంటే ఎందుకంత ఇది?

1993 జూన్ 12న జరిగిన అధ్యక్ష ఎన్నిక అప్పటిదాకా జరిగినవాటిలో శుభ్రమైనదని చాలామంది మాట. యోరుబా వ్యాపారి అబియోలా గెలుస్తున్నాడు. పైన చెప్పిన కానో సంగతి ఇదే. ఫలితాలు పూర్తిగా ప్రకటించకముందే అప్పటి సైనిక పాలకుడు జనరల్ బాబంగిడా రద్దు చేశాడు. జనం భాష, మతం చూడకుండా ఓటేసినప్పుడు దాన్ని ఆపింది గద్దె మీదున్నవాళ్ళు. అబియోలా నేనే అధ్యక్షుణ్ణని ప్రకటించుకుని జైలుకెళ్ళాడు, ఆయన కోసం పోరాడిన భార్య కుదిరాత్‌ని 1996లో లాగోస్ రోడ్డు మీద కాల్చేశారు. 1998లో అబాచా జూన్ 8న పోయాడు, అబియోలా నెల తిరగ్గానే జులై 7న నిర్బంధంలోనే పోయాడు. ఇప్పుడు జూన్ 12 ప్రజాస్వామ్య దినం, సెలవు.

జోనింగ్ అంటే వంతులేసుకోవడమేనా?

అంతే. ఎనిమిదేళ్ళు దక్షిణం, ఎనిమిదేళ్ళు ఉత్తరం. రాజ్యాంగంలో లేదు, పార్టీల్లో పెద్దమనుషుల ఒప్పందం. 1999లో ఒబసాంజో అలా వచ్చినవాడే, అబియోలా పోయిన కోపం చల్లారాలని రెండు పెద్ద శిబిరాలూ యోరుబా అభ్యర్థినే నిలబెట్టాయి. 2007లో ఉత్తరపు వంతు వచ్చి యార్‌అదువా గెలిచాడు, కానీ జబ్బుపడి సౌదీ ఆసుపత్రిలో నెలలతరబడి ఉండిపోయాడు, 2010 మేలో పోయాడు. ఉపాధ్యక్షుడు జొనాథన్ డెల్టా ప్రాంతపు ఇజో. మా వంతు మధ్యలో లాక్కున్నారు అని ఉత్తరం మండిపడింది. 2011లో జొనాథన్ గెలిచాక మూడు రోజుల్లో ఎనిమిది వందలమందికి పైగా చనిపోయారు. వంతుల పద్ధతి మంచిదా చెడ్డదా అంటే నేను తేల్చలేను. అది లేకపోతే 1999 గడిచేది కాదు, ఉండబట్టే మనిషి చావు దేశ సంక్షోభమైంది.

2015లో జొనాథన్ ఓడిపోయి, లెక్కింపు పూర్తికాకముందే బుహారీకి ఫోన్ చేసి అభినందించాడు. గద్దె మీదున్న అధ్యక్షుడు ఓడిపోవడం అక్కడ అదే మొదలు. ఆ ఫోన్ గురించి ఎంత చెప్పినా తక్కువే.

ఇప్పుడెలా ఉంది? సైన్యం మళ్ళీ వస్తుందా?

1999 నుంచి పౌర పాలనే, పక్కనున్న నైజర్‌లో 2023లో సైన్యం వచ్చినా. అయితే 2023 ఎన్నికల్లో ఓటేసింది నమోదైనవాళ్ళలో 27 శాతమే. యోరుబా నాయకుడు టినుబు దాదాపు 88 లక్షల ఓట్లతో అధ్యక్షుడిగా గెలిచాడు, తన కంచుకోట లాగోస్‌లోనే ఇగ్బో అయిన పీటర్ ఒబి చేతిలో వెనకబడ్డాడు. మూడు వారాలకి గవర్నరు ఎన్నికల్లో అదే లాగోస్‌లో ఇగ్బోల్లా కనిపించినవాళ్ళని కొన్ని బూత్‌ల దగ్గర బెదిరించి వెనక్కి పంపారు. అంటే ఓట్లు భాష దాటుతున్నాయి, దాటిన వెంటనే ఎవరో ఒకరు గీత మళ్ళీ గీస్తున్నారు.

లాగోస్‌లో ఉద్యోగం వచ్చింది, ఎన్నికలప్పుడు ఏం చూసుకోవాలి?

పోలింగ్ రోజు రోడ్ల మీద బళ్ళు తిరగనివ్వరు, సరుకులు, జనరేటర్‌కి డీజిల్ ముందే తెచ్చుకోండి. ఆఫీసులో రాజకీయం వాళ్ళు మాట్లాడుకుంటే వినండి, భలే మాట్లాడతారు, మీ అభిప్రాయం మాత్రం దాచుకోండి. పేరు చూసి మనిషి ఏ వైపో ఊహించకండి. ఇక 'మీరే తెగ?' అని మాత్రం అడక్కండి, ఊరెక్కడ అని అడిగితే వాళ్ళే అన్నీ చెప్తారు.